తూముకి గిద్ద తక్కువ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి పోయిన నెల ఫోన్ చేసి, "అన్నా, యాభై ఐదేండ్లకు కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కోర్సు చదివి పాసయినవంట గదా, దాని మీద ఓ పావుగంట మాట్లాడు, పిల్లలకు స్ఫూర్తిగ ఉంటది" అన్నాడు. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. నేను ఎవరికో స్ఫూర్తి కలగాలని చదవలేదు. ముప్పై రెండేళ్లు నేను కాపాడిన ఎక్స్ఛేంజీని మింగిన వస్తువు ఏమిటో, దాని కడుపులో ఏముందో చూద్దామని చదివాను. కనబడింది చెబుతాను. మధ్యలో లెక్కలు వస్తాయి, మన లెక్కల మాస్టారు ముందే కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగానే చెబుతాను.

మీలో చాలామందికి నేను ఫోన్ల మనిషిగా తెలుసు. నల్లగొండలో ఐటీఐ చేసి 1987లో టెలికాం శాఖలో చేరాను. స్తంభాలు ఎక్కాను, కేబులు గుంతల్లో దిగాను, తర్వాత పరీక్షలు రాసుకుంటూ ఎక్స్ఛేంజీ లోపలికి వచ్చాను. 2000 అక్టోబరు 1న మా శాఖ బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద దాదాపు 78 వేల మందిమి ఒకే రోజు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాం. ఎవరూ బలవంతం చేయలేదు, కాగితం మీద సంతకం నేనే పెట్టాను. పెన్షన్ వస్తుంది, కూతురు అల్లుడు హైదరాబాద్‌లో ఉన్నారు, కూకట్‌పల్లికి మారాం. రెండు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది. అప్పుడు చూశాను: మనవరాలి బడి, అల్లుడి ఆఫీసు, మా ఆవిడ భజన బృందం, అన్నీ గోడకి తగిలించిన ఒక తెల్ల డబ్బాలోంచి నడుస్తున్నాయి. అది ఆగితే ఇల్లంతా నా వైపే చూసేది, "మీరు టెలిఫోన్స్‌లో చేశారు కదా" అని. వైరు వరకు నాకు తెలుసు. డబ్బా లోపల ఏం జరుగుతుందో తెలియదు. ముప్పై రెండేళ్లు చేసినవాడికి అది తెలియకపోవడం ఎంత కష్టంగా ఉంటుందో ఎక్స్ఛేంజీ వాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే వాళ్లకే తెలుస్తుంది.

ముందు మా పాత ఎక్స్ఛేంజీ గురించి రెండు మాటలు చెప్పాలి. లేకపోతే నేను కొత్తగా నేర్చుకున్నదేమిటో అర్థం కాదు.

నేను చేరేనాటికి స్ట్రోజర్ యంత్రాలు ఉండేవి. హాలు నిండా ఇనుప చట్రాలు, మీరు ఒక్కో అంకె తిప్పినప్పుడల్లా ఒక్కో మెట్టు ఎక్కే స్విచ్చులు. పెళ్లిళ్ల సీజన్లో ఆ హాల్లో నిలబడితే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే ఉండేది. దాన్ని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రోజర్ ఇంజినీరు కాదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. తనకు రావలసిన కాల్స్‌ని ఆపరేటరమ్మ పోటీ దుకాణానికి కలుపుతోందని అనుమానం వచ్చి, మధ్యలో మనిషే లేకుండా చేయాలని ఈ యంత్రం ఆలోచించాడని చెప్పుకుంటారు. 1891లో దానికి పేటెంటు వచ్చింది. ఆ తర్వాత మనకి సీ-డాట్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 1984లో పెట్టిన సంస్థ అది. వాళ్ల 128 పోర్టుల పల్లె ఎక్స్ఛేంజీకి ఏసీ కూడా అక్కర్లేదు, మన ఎండలకి తట్టుకునేది. మన ఊళ్లో పెట్టింది అదే. ఆ పెట్టె దింపిన రోజు ఇక్కడున్న చాలామంది బడి ఎగ్గొట్టి చూడ్డానికి వచ్చారు, పేర్లు చెప్పను.

యంత్రం మారినా పద్ధతి మారలేదు. మీరు ఇక్కడి నుంచి నల్లగొండకి ఫోన్ చేస్తే, మీ ఇంటి నుంచి ఆ ఇంటి దాకా ఒక దారి మీ ఇద్దరికోసమే పట్టి ఉంచుతాం. మీరు మాట్లాడినా మీదే, అలిగి ఇద్దరూ మౌనంగా ఉన్నా మీదే. రెండు ఊళ్ల మధ్య పది లైన్లుంటే పదకొండో మనిషికి ఎంగేజ్ టోనే. అంతకుముందు ట్రంకు కాల్ బుక్ చేసుకున్న పెద్దవాళ్లకు ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అనే మాటలు గుర్తుండే ఉంటాయి. ఎవరికి ఎక్కువ తొందర ఉంటే వాళ్లు ఎక్కువ డబ్బు కట్టి ఆ దారిని ముందుగా పట్టుకునేవారు.

ఇంటర్నెట్‌లో ఈ దారి పట్టి ఉంచడమనేదే లేదు. కోర్సులో మొదటి వారమే ఈ మాట విన్నాను, నాకు మాత్రం మింగుడు పడటానికి నెల పట్టింది. పంపే కబురుని ముక్కలు చేస్తారు. ముక్కకి ప్యాకెట్ అని పేరు. 1960లలో బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. పెళ్లి సామానంతా ఒకే లారీకి ఎత్తకుండా, ఒక్కో మూటకి పంపినవారి ఊరు, చేరవలసిన ఊరు, మూట నంబరు రాసిన చీటీ కట్టి, ఏ బస్సు ముందొస్తే ఆ బస్సు టాపు మీద వేసినట్టన్నమాట. కొన్ని మూటలు సూర్యాపేట మీదుగా పోతాయి, కొన్ని మిర్యాలగూడ మీదుగా పోతాయి. అటువాళ్లు నంబర్ల ప్రకారం సర్దుకుంటారు. నాలుగో మూట రాలేదంటే "నాలుగోది రాలేదు" అని కబురు పెడతారు, అదొక్కటే మళ్లీ పంపుతారు. ఎవరి దారీ ఎవరి సొంతం కాదు. ఒకే తీగ మీద మీ ఆవిడ సీరియలూ, మీ అల్లుడి ఆఫీసు మీటింగూ, మీ మనవడి ఆటా పక్కపక్కనే పోతాయి. ఇద్దరు మౌనంగా కూర్చుంటే ఆ ఖాళీలో ఇంకొకరి మూట పోతుంది. ఇది తెలిశాక నాకు ఎక్స్ఛేంజీ మీద జాలి వేసింది, ఈ కొత్తదాని మీద కోపం మాత్రం పోయింది. మేం అలిగిన మొగుడూపెళ్లాల కోసం కూడా లైను కాపలా కాశాం మరి.

ఇక కోర్సు. 2022 జూన్‌లో అమీర్‌పేటలో చేరాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపించకుండా బోర్డులు, చేతిలో కరపత్రాలు పెట్టే కుర్రాళ్లు, ఒక్కో మెట్టు మీద ఒక్కో కోర్సు పేరు. కౌంటర్లో అమ్మాయి ఫారం ఇస్తూ "మీ అబ్బాయికా సార్?" అని అడిగింది. "నాకేనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఫారంలో 'పూర్తి చేసిన సంవత్సరం' అనే గడి దగ్గర నేను 1986 అని రాస్తుంటే చూసి, "ఇది మీ పుట్టిన సంవత్సరం గడి కాదు సార్" అంది. ఐటీఐ పాసైన సంవత్సరమే అది. ఆ అమ్మాయి అప్పటికి పుట్టలేదు.

పొద్దున ఏడింటి బ్యాచి. క్లాసులో ముప్పై మందికి పైగా ఉండేవారు. హాస్టళ్లలో ఉండే బీటెక్ పిల్లలే ఎక్కువ. వారం రోజులు నన్ను "సార్" అన్నారు, తర్వాత "అంకుల్" అన్నారు, నెల తిరిగేసరికి "అంకుల్, మీ నోట్సు ఒకసారి ఇవ్వండి" అన్నారు. నేను నోట్సు తెలుగులో రాసుకునేవాణ్ని. పాఠం చెప్పే అబ్బాయి ఇంగ్లిషులోనే మొదలుపెట్టి, మా మొహాలు చూసి తెలుగులోకి దిగేవాడు. ఆ దిగినప్పుడు చెప్పినదే అసలు పాఠం, దాన్నే రాసుకునేవాణ్ని.

ఈ వయసులో చదివేవాళ్లకు జ్ఞాపకశక్తి ఉండదంటారు. కొంత నిజమే, రాత్రి చదివింది పొద్దున అద్దం తుడుచుకునేలోగా పోయేది. కానీ నాకు ఒక అలవాటు ఉంది. ఒకప్పుడు మన మండలంలో ఉన్న ప్రతి ఫోన్ నంబరూ నాకు నోటికి వచ్చేది. కోర్సులో పోర్టు నంబర్లని ఉంటాయి, ఒక్కో పనికి ఒక్కో నంబరు. వాటిని సబ్‌స్క్రైబర్లు అనుకున్నాను. 53 అంటే పేర్లు చెప్పే డీఎన్ఎస్, 80 వెబ్, 443 తాళం వేసిన వెబ్, 22 దూరం నుంచి యంత్రాన్ని నడిపేవాడు. పిల్లలు కార్డుల మీద రాసుకుని బట్టీ కొడుతుంటే నేను వాటికి ఇళ్ల గుమ్మాలు, అరుగులు పెట్టుకున్నాను. ఆ డీఎన్ఎస్ నాకు బాగా నచ్చింది. మనం పేరు చెబితే నంబరు వెతికి ఇస్తుంది. స్ట్రోజర్ తీసేసిన ఆపరేటరమ్మని మళ్లీ తెచ్చి కూర్చోబెట్టినట్టు అనిపించింది. పాత మాన్యువల్ ఎక్స్ఛేంజీలో "డాక్టరు గారికి కలుపమ్మా" అంటే చాలు, నంబరు ఎవడికి కావాలి?

ఇప్పుడు లెక్కలు. అందరూ భయపడేది ఇక్కడే. సబ్‌నెట్టింగు అంటారు. ఉన్న అడ్రసుల్ని వాటాలు వేయడం. మా బ్యాచిలో నలుగురు ఈ పాఠం దగ్గరే కోర్సు మానేశారు.

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఒక అడ్రసు ఉంటుంది. నాలుగు అంకెల గుంపులు, మధ్యలో చుక్కలు. మీ ఇంట్లో వైఫై డబ్బాకి చాలావరకు 192.168.1.1 అని ఉంటుంది. ఒక్కో గుంపూ సున్నా నుంచి 255 వరకే పోతుంది, ఆపైన పోదు. ఎందుకు 255? యంత్రానికి తెలిసింది ఉంది, లేదు అనే రెండు మాటలే. అలాంటివి ఎనిమిది గడులు. మొదటి గడి విలువ 1, తర్వాత 2, 4, 8, 16, 32, 64, 128. ఏ గడిలో 'ఉంది' అంటే ఆ విలువ కలుపుకోవాలి. పాఠం చెప్పే అబ్బాయి బోర్డు మీద ఈ వరస రాయగానే నేను పైకే అన్నాను, "ఇది మా నాయనమ్మ కొలతలు గదా" అని.

పెద్దవాళ్లు గుర్తు తెచ్చుకోండి. ఊరూరికీ కొలత కొంచెం మారుతుంది, మా ఇంట్లో లెక్క ఇది. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. గిద్ద ఒకటి అనుకుంటే అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64, ఇరస 128. సరిగ్గా ఎనిమిది పాత్రలు. తూము 256. ఈ ఎనిమిది పాత్రలూ ఒక్కొక్కటి ఒక్కసారే నింపి పోస్తే వచ్చేది 255, అంటే తూముకి గిద్ద తక్కువ. ఎనిమిది పాత్రల్లో ఒక్కోదాన్ని ఒకసారి వాడితే వాడు, లేకపోతే వదిలెయ్, సున్నా నుంచి 255 గిద్దల వరకు ఎంత గింజ అయినా కొలవచ్చు. కంప్యూటరు చేసేది ఇంతే.

192 అంటే ఇరసెడు, కుంచెడు. 168 అంటే ఇరసెడు, అడ్డెడు, తవ్వెడు. ఆఫీసుల్లో 10తో మొదలయ్యే అడ్రసులుంటాయి, 10 అంటే తవ్వెడు, అరసోలెడు. ఇక వాటాలు. 256 అడ్రసులు, అంటే ఒక తూము, నాలుగు విభాగాలకు పంచాలంటే విభాగానికో కుంచం. ఒకటి సున్నా దగ్గర మొదలవుతుంది, తర్వాతవి 64, 128, 192 దగ్గర. కుంచంలో 64 గిద్దలుంటే మొదటిది ఆ వాటా పేరుకి పోతుంది, చివరిది అందరికీ ఒకేసారి వేసే కేకకి పోతుంది. యంత్రాలకు మిగిలేవి 62. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనకుండా "లాభం" అనేవారు, ఆ పైన రెండు, మూడు అని లెక్క పెట్టేవారు. మొదటి అడ్రసుని ఎవరికీ ఇవ్వకూడదు అని ఆ అబ్బాయి చెప్పినప్పుడు నాకు ఆ మాటే వినిపించింది. రెండూ ఒకటి కాదు, కానీ పరీక్ష హాల్లో నాకు గుర్తుండటానికి అది చాలింది.

ఆ రోజు క్లాసు అయ్యాక వెనక బల్ల అమ్మాయి ఒకామె నా దగ్గరికి వచ్చింది. సూర్యాపేట వైపు పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంగ్లిషు చదువులో ఈదుకుంటూ వచ్చింది. "అంకుల్, నేను రేపటి నుంచి రావొద్దనుకున్న. మా అమ్మమ్మ ఇంట్ల తవ్వ, సోల ఇంకా ఉన్నయి. మళ్లొకసారి చెప్పరా?" అని అడిగింది. మెట్ల మీద కూర్చుని నోట్సు తిరగేసి చెప్పాను. అరగంట పట్టింది. మర్నాడు ఆమె కాగితం మీద ఎనిమిది పాత్రల బొమ్మలు గీసి తెచ్చింది. అప్పటి నుంచి మా బ్యాచిలో సబ్‌నెట్టింగుకి 'నాయనమ్మ లెక్క' అనే పేరు స్థిరపడింది. ఆమె ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక నెట్‌వర్కు పర్యవేక్షణ కేంద్రంలో రాత్రి షిఫ్టులు చేస్తోంది. అప్పుడప్పుడు అర్ధరాత్రి నాకు మెసేజి పెడుతుంది, "అంకుల్, మళ్లీ లేయర్ వన్" అని. ఆ మాట ఏమిటో చెబుతాను.

నెట్‌వర్కు పనిని ఏడు అంతస్తులుగా చూడమంటారు. అన్నిటికన్నా కింద ఉన్నది లేయర్ వన్, అంటే తీగ, వెలుతురు, రేడియో, చేత్తో పట్టుకునే సరుకు. పైన ఏడోది మీరు చూసే తెర. కోర్సులో మొదటి అంతస్తుకి ఒక్క రోజు ఇచ్చారు, మిగతా ఆరింటికీ మూడు నెలలు. పిల్లలు కూడా దాన్ని మేస్త్రీ పని అన్నట్టు చూసేవారు. ఆ ఒక్క రోజు మాత్రం నాది. నెట్ కేబులు కోస్తే లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ఒక్కో రంగుకి తోడుగా ఒక్కో తెలుపు. అవి చూడగానే నాకు పాత స్నేహితులు కనబడ్డట్టయింది. టెలిఫోన్ కేబులులో మొదటి నాలుగు జతలూ అవే రంగులు, అదే వరస. దాంట్లో అయిదోది బూడిద రంగు, తర్వాత తెలుపు పోయి ఎరుపు తోడు వస్తుంది, అలా పాతికదాకా. ఆ వరస నేను కేబులు గుంతలో టార్చిలైటు వెలుగులో ముప్పై ఏళ్లు చదివాను. జతని మెలితిప్పడం కూడా టెలిఫోనోళ్ల సొత్తే. గ్రాహంబెల్ 1881లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. మెలి లేకపోతే పక్క తీగలో మాటలు ఈ తీగలో వినబడతాయి. క్రాస్ టాక్ వల్ల ఊళ్లో ఎన్ని రహస్యాలు బయటపడ్డాయో నాకు తెలుసు, ఈ సభలో చెప్పేవి కావు.

కోర్సు చివర్లో ఒక ప్రాక్టికల్ పెట్టారు. నాలుగు రౌటర్లు, రెండు స్విచ్చులు కలిపి, వాటిలో పాఠం చెప్పే అబ్బాయే కావాలని కొన్ని లోపాలు పెట్టి, కనుక్కోమన్నాడు. అయిదుగురి జట్లు. మా జట్టులో పిల్లలు మంచి చురుకైనవాళ్లు, కీబోర్డు మీద వేళ్లు కనబడవు. దారులు చూపే పట్టిక తీశారు, సెట్టింగులన్నీ చదివారు, రెండు లోపాలు పది నిమిషాల్లో పట్టేశారు. మూడోది దొరకలేదు. అరగంట గడిచింది. పింగ్ కొడుతూనే ఉన్నారు, జవాబు లేదు. పింగ్ అంటే అటు యంత్రం బతికే ఉందా అని అడగడం. మైక్ మూస్ అనే ఆయన 1983లో రాశాడు, జలాంతర్గాములు శబ్దం పంపి అది తగిలి తిరిగొచ్చేదాన్ని వినే పద్ధతి మీద ఆ పేరు పెట్టాడు.

మా శాఖలో కంప్లయింటు వస్తే మొదట చేసేది వేరు. 198కి ఫోన్ చేసి "మా ఫోన్ పోయింది" అని చెబితే మేం మీ ఇంటికి పరుగెత్తం. ఎక్స్ఛేంజీలో ఎండీఎఫ్ అనే చట్రం దగ్గర మీ లైనుని మధ్యలో విడదీసి, లోపలి వైపు పరీక్షిస్తాం, బయటి వైపు పరీక్షిస్తాం. తప్పు లోపలుందా బయటుందా తేలిపోతుంది. బయటంటే పిల్లరు దగ్గర మళ్లీ రెండుగా విడదీస్తాం, తర్వాత డీపీ దగ్గర. వాన పడ్డ మర్నాడు వంద కంప్లయింట్లుంటే ఇంకో దారి లేదు. నేను లేచి తెర వదిలేసి డబ్బాల వెనక్కి వెళ్లాను. ఒక పోర్టు దగ్గర దీపం వెలగడం లేదు. "ఆ పోర్టు స్థితి చదువు బాబూ" అన్నాను. రెండు చోట్లా డౌన్ అని వచ్చింది. సెట్టింగులో ఆపేస్తే వేరే మాట వస్తుంది, ఇది తీగ మాట. కేబులు ఊడదీసి కొసని కళ్లజోడు దగ్గర పెట్టుకుని చూశాను. ఎనిమిది తీగల్లో ఆకుపచ్చ తీగ కొసదాకా చేరకుండానే నొక్కేశారు. కొస కోసి కొత్త క్లిప్పు వేసి పెట్టాను, దీపం వెలిగింది. పాఠం చెప్పే అబ్బాయి నవ్వి, "ఇది నేను పెట్టిన లోపం కాదంకుల్" అన్నాడు. అతను పెట్టిన మూడోది ఇంకా మిగిలే ఉంది, దాన్ని మన సూర్యాపేట అమ్మాయి పట్టుకుంది.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. సీసీఎన్ఏ అంటారు. రెండు గంటలు. ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకునే వీలు లేదు. చివరి నుంచి మొదలుపెట్టడం, తెలిసినవి ముందు రాయడం అని మనకు ఈ బడిలో నేర్పిన కిటుకులేవీ అక్కడ పనికిరావు, మాస్టార్లు క్షమించాలి. 2022 డిసెంబరులో పాసయ్యాను. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ రాయాలి, పుస్తకాలు దుమ్ము దులిపి పెట్టాను.

అందరూ అడిగే ప్రశ్న, ఉద్యోగం వచ్చిందా? పెద్ద కంపెనీలో రాలేదు. నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్లాను, మర్యాదగా టీ ఇచ్చి పంపారు. చిన్న ఆసుపత్రులకు, అపార్టుమెంట్లకు, ట్యూషన్ సెంటర్లకు కేబులింగు చేసే ఒక కుర్రాడి దగ్గర వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. వచ్చేది నా పెన్షన్‌లో సగం కూడా కాదు. అతనికి నా తలనెరుపు ఉపయోగం. కరెంటు తీగల పక్కనే నెట్ తీగ లాగేద్దాం అనే కాంట్రాక్టర్లకు నేను ఎదురు చెబితే వింటారు.

ఒక మాట మాత్రం ఫోన్ల మనిషిగా చెప్పుకోవాలి. కొత్తదాంట్లో పోయింది కూడా ఉంది. మా ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి ప్రతి ఇంటికీ 48 వోల్టుల కరెంటు తీగలోనే వెళ్లేది. గాలివాన వచ్చి ఊరంతా చీకటైనా మీరు రిసీవరు ఎత్తితే డయల్ టోను వినబడేది. ఇప్పుడు ఇంటి డబ్బాకి మీ కరెంటే దిక్కు. కరెంటు పోతే డబ్బా పోతుంది, సెల్ టవరు బ్యాటరీ ఉన్నంతసేపు మీ అదృష్టం. నెట్‌వర్కింగు పుస్తకంలో ఇది ఎక్కడా లోటని రాయలేదు. నేను చేసే ప్రతి చోటా ఆ డబ్బాకి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టమని గొడవ పెడతాను, పదిమందిలో ఇద్దరు పెడతారు.

ఇంకో సంగతి. ఆ నాలుగు గుంపుల అడ్రసులు మొత్తం 429 కోట్లు. ప్రపంచంలో మనుషులు 800 కోట్లు దాటారు, అందులో ఒక్కొక్కరికి రెండు మూడు యంత్రాలు. ఎలా సరిపోతున్నాయి? ఒకప్పుడు మన ఊరికంతటికీ పోస్టాఫీసు ఫోనే నంబరు. దుబాయి నుంచి ఎవరికి వచ్చినా అదే నంబరుకు వచ్చేది. పోస్టుమాస్టారు గారు ఎవరికి వచ్చిందో రాసుకుని పిల్లవాణ్ని పరుగెత్తించేవారు. మీ ఇంట్లో డబ్బా చేసేది అదే. బయటికి ఒకే నంబరు, లోపల ఎవరు ఏది అడిగారో రాసుకుని, వచ్చినదాన్ని వాళ్లకి అందిస్తుంది. దాన్ని నాట్ అంటారు. ఆ పరుగెత్తిన పిల్లవాడు రెండో వరసలో కూర్చుని తల ఊపుతున్నాడు, ఇప్పుడు రైసు మిల్లు ఓనరు.

చివరిగా, నేను ఈ సభకి ఒక పని మీద కూడా వచ్చాను. నిన్న సాయంత్రం హెడ్మాస్టరు గారి అనుమతితో బడంతా తిరిగాను. కంప్యూటరు గదిలో పన్నెండు యంత్రాలున్నాయి. నెట్ మాత్రం ఆఫీసు గదిలోనే ఉంది. పిల్లలకు పాఠం చూపించాలంటే టీచర్లు తమ సెల్‌ఫోన్ డేటా పెట్టుకుంటున్నారు. వరండా వెంబడి టేపు పెట్టి కొలిచాను. ఆఫీసు గది నుంచి కంప్యూటరు గదికి మలుపులతో కలిపి 68 మీటర్లు. ఈ కేబులు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. ఒక కేబులు చుట్ట, ఒక పదహారు పోర్టుల స్విచ్చు, గోడకి పట్టీలు, ఆ డబ్బాకి ఒక బ్యాటరీ, అంతే సామాను. కేబులు నేను తెస్తాను. స్విచ్చు ఎవరి ఆఫీసులోనైనా పాతది మూలన పడి ఉంటే పంపండి, పరీక్షించే పూచీ నాది.

కూలీని పెట్టొద్దని హెడ్మాస్టరు గారిని అడిగాను. తొమ్మిదో తరగతి పిల్లల చేతే చేయిస్తాను. తలా ఒక కొస నొక్కాలి, దీపం వెలిగేదాకా. వచ్చే రెండో శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలు. లెక్కల మాస్టారు ఆ రోజు వస్తానని మాటిచ్చారు, వాళ్ల ఇంట్లో అటక మీద సోల, తవ్వ, మానిక ఉన్నాయట. గిద్ద దొరకలేదట. ఎవరింట్లోనైనా ఉంటే తీసుకురండి.